పాత స్పోర్ట్స్ కారు ఇంజను దించాక ఏ దారి పట్టాలి?

షెడ్డులో పాత స్పోర్ట్స్ కారు ఉంది. స్టార్టవుతుంది, నడుస్తుంది. కానీ వెనక నీలం పొగ, నాలుగు రోజులకోసారి ఆయిల్ పోయాల్సి రావడం, ఎత్తు ఎక్కేటప్పుడు మునుపటి పికప్ లేకపోవడం. ఇంజను పని తప్పదని తేలిపోయింది. అసలు తంటా అక్కడే మొదలవుతుంది. ఎలాగూ దించుతున్నాం కదా, పనిలో పని పెద్ద క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) వేద్దామా? కంప్రెషన్ (సిలిండర్లో గాలిని నొక్కే నిష్పత్తి) పెంచుదామా? టర్బో (ఇంజన్లోకి గాలిని బలవంతంగా ఎక్కించే పంపు) తగిలిద్దామా? దీనికింత శ్రమ ఎందుకు, కొత్తతరం ఇంజనే ఎక్కిస్తే పోదా?

ఇలా ఊగిసలాడేవాళ్ల కోసమే ఇది. నా మొగ్గు ముందే చెప్పేస్తాను. పార్టుల కేటలాగు ముందేసుకుని దారి ఎంచుకోకండి. ఇంజను విప్పి, కడిగి, కొలిచాక వచ్చే అంకెలే సగం నిర్ణయం చేసేస్తాయి. మిగతా సగం, ఆ కారుని మీరు నిజంగా ఎలా నడుపుతారన్నది. ఇంటి షెడ్డులో పనిచేసుకునే చాలామందికి ఒరిజినల్ కొలతలకి శ్రద్ధగా చేసిన పూర్తి రీబిల్డే సరైన దారి అని నా నమ్మకం. కాదనే సందర్భాలూ ఉన్నాయి, వాటికీ వస్తాను.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది వాడకం. వారాంతాల్లో ఘాట్ రోడ్డు మీద సరదాగా తిప్పే కారు ఎక్కువసేపు 2,500 నుంచి 5,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిప్పులు) మధ్యే తిరుగుతుంది. 7,000 దగ్గర వచ్చే బలం కోసం ఆ మధ్య భాగాన్ని వదులుకుంటే కాగితం మీద అంకె పెరుగుతుంది, రోడ్డు మీద కారు మందగిస్తుంది. ట్రాక్ మీద తిప్పేవాళ్ల లెక్క దీనికి పూర్తిగా తలకిందులు.

రెండోది బ్లాకు (సిలిండర్లుండే ప్రధాన దిమ్మె), క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) వీటి ఆరోగ్యం. మూడోది విడిభాగాలు: ఆ ఇంజనుకి ఓవర్‌సైజు (అసలుకన్నా కాస్త పెద్ద) పిస్టన్లు, బేరింగులు, గాస్కెట్లు ఇప్పటికీ తయారవుతున్నాయా? నాలుగోది, బోరింగ్ (సిలిండర్లని తొలచడం), క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్ (సిలిండర్ల పైమూత అడుగుని చదును చేయడం) నమ్మకంగా చేసిపెట్టే మెషీన్ షాపు మీకు అందుబాటులో ఉందా? పాత ఇంజను పనిలో మంచి షాపు దొరకడం మంచి పార్టు దొరకడం కన్నా కష్టం.

ఐదోది చాలామంది లెక్కలోకే రాదు: ఇంజను వెనకాల ఉన్న సరంజామా. క్లచ్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, రేడియేటర్, బ్రేకులు. ఇంజను బలం మూడోవంతు పెంచితే వీటిలో ఏదో ఒకటి చేతులెత్తేస్తుంది. ఆ ఖర్చు ఇంజను ఖర్చు పక్కనే రాసుకోవాలి.

ఇక పాత కారు విలువ ఒరిజినల్ ఇంజను నంబర్ల మీద ఆధారపడేదైతే వెనక్కి రాలేని మార్పు చేసేముందు రెండుసార్లు ఆలోచించాలి. పొగ పరీక్ష నిబంధనలూ, ఇంజను మార్పు నమోదు నిబంధనలూ ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. అవి ముందే కనుక్కోండి.

## విప్పకముందే చేయాల్సిన పరీక్షలు

ఇంజను కారులో ఉండగానే చాలా సంగతులు చెబుతుంది. దించేశాక ఆ అవకాశం పోతుంది.

ఇంజను వేడిగా ఉండగా స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ చూడండి. అసలు అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అన్నిటికన్నా ఎక్కువ ఉన్నదానికీ తక్కువ ఉన్నదానికీ 10 నుంచి 15 శాతంలోపు తేడా ఉంటే ఫరవాలేదు. తక్కువ వచ్చిన సిలిండర్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, అంకె బాగా లేస్తే రింగులు లేదా బోరు (సిలిండరు లోపలి గోడ), కదలకపోతే వాల్వులు లేదా గాస్కెట్.

లీక్‌డౌన్ పరీక్ష ఇంకా తేటగా చెబుతుంది. సిలిండర్లోకి గాలి పంపి, ఎంత కారుతోంది, ఎక్కడినుంచి కారుతోంది అని వినాలి. సైలెన్సర్లో బుసబుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. కార్బురేటర్లోంచి వస్తే ఇన్‌లెట్ వాల్వు. ఆయిల్ మూత తీసిన చోట వస్తే రింగులు. రేడియేటర్లో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్, లేదంటే హెడ్డులో పగులు. 10 శాతంలోపు కారితే ఆరోగ్యం, 20 దాటితే విప్పాల్సిందే.

పొగకీ భాష ఉంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నీలం పొగ వస్తే రింగుల వైపు చూడాలి. దిగుడు రోడ్డులో కాలు తీసేసి, మళ్లీ తొక్కగానే ఒక్కసారిగా వస్తే వాల్వు గైడ్లు, సీళ్లు. ఆయిల్ ప్రెషర్ బాగా వేడెక్కాకే చూడాలి. ప్రతి 1,000 ఆర్‌పీఎంకి 10 పీఎస్‌ఐ ఉండాలన్నది పాత మెకానిక్కుల కొలమానం. ఇది ప్రతి ఇంజనుకీ అచ్చంగా వర్తించదు గానీ, వేడి మీద ఐడ్లింగులో సూది అడుక్కి పోతుంటే బేరింగులు అయిపోయాయనో, పంపు అరిగిందనో అనుమానించాలి.

## మీ ఇంజను ఏ జాతిది?

ఒకే పని ఒక ఇంజనుకి తేలిక, ఇంకోదానికి నరకం. బాగా పేరున్న పాత ఇంజన్లు కొన్ని చూడండి (పట్టికలో బోరు అంటే సిలిండరు అడ్డుకొలత, స్ట్రోకు అంటే పిస్టన్ కదిలే దూరం):

| ఇంజను | సైజు | బోరు × స్ట్రోకు (మి.మీ.) | బ్లాకు, హెడ్ | ఇంటి రీబిల్డుకి |
|---|---|---|---|---|
| ఎంజీబీ | 1798 సీసీ | 80.26 × 89 | ఇనుప బ్లాకు, ఇనుప హెడ్ | చాలా అనువు |
| డాట్సన్ 240జెడ్ (ఎల్24) | 2393 సీసీ | 83 × 73.7 | ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్ | అనువు |
| టొయోటా ఏఈ86 (4ఏ-జీఈ) | 1587 సీసీ | 81 × 77 | ఇనుప బ్లాకు, 16 వాల్వుల హెడ్ | అనువు |
| మాజ్దా ఎంఎక్స్-5 1.8 (బీపీ) | 1839 సీసీ | 83 × 85 | ఇనుప బ్లాకు, 16 వాల్వుల హెడ్ | చాలా అనువు |
| ఆల్ఫా రోమియో 2000 | 1962 సీసీ | 84 × 88.5 | అల్యూమినియం బ్లాకు, వెట్ లైనర్లు | వేరే పద్ధతి |
| పోర్షే 944 | 2479 సీసీ | 100 × 78.9 | అల్యూసిల్, లైనర్లు లేవు | జాగ్రత్త |

ఇనుప బ్లాకులతో పెద్ద తలనొప్పి లేదు. బోరు అరిగితే ఓవర్‌సైజుకి బోరింగ్, హోనింగ్ (గోడని సన్నగా గీకి సమం చేయడం) చేయిస్తారు. ఆ సైజు కూడా దాటిపోతే స్లీవ్ (లోపల కొత్త గొట్టం) వేస్తారు.

ఆల్ఫా లాంటి వెట్ లైనర్ (చుట్టూ నీళ్లు తిరిగే విడి సిలిండరు గొట్టం) ఇంజన్లలో అసలు బోరింగే ఉండదు. లైనర్లూ పిస్టన్లూ జతగా కొత్తవి దించుతారు, ఇది ఇంట్లోనే అవుతుంది. కానీ హెడ్ తీశాక లైనర్లని క్లాంపులతో బిగించకుండా క్రాంకు తిప్పితే అవి పైకి లేస్తాయి, అడుగు సీళ్లు పాడవుతాయి. లైనరు బ్లాకు పైతలం కన్నా ఎంత పైకి ఉండాలన్నది మాన్యువల్లో చూసి కొలవకపోతే కొత్త గాస్కెట్ కూడా నిలవదు.

944 సంగతి వేరు. దాని అల్యూసిల్ (సిలికాన్ కలిసిన అల్యూమినియం) బ్లాకులో సిలికాన్ రేణువుల మీదే పిస్టన్ జారుతుంది. మామూలు పద్ధతిలో బోరింగ్ చేసి వదిలేస్తే ఆ పొర నాశనం. ఆ పని తెలిసిన షాపు దొరికితేనే బ్లాకుని ముట్టుకోవాలి. పైగా టైమింగ్ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లని కొట్టే ఇంజను అది. ఎంఎక్స్-5 తొలి ఇంజన్లలో ఆ భయం లేదు.

1990–91 ప్రాంతపు ఎంఎక్స్-5 1.6 కొనేవాళ్లకి ఒక హెచ్చరిక: క్రాంకు ముక్కు పొట్టిగా ఉండే ఆ తొలి రకంలో పుల్లీ బోల్టు సరిగ్గా బిగించకపోతే కీ గాడి అరిగి, క్రాంకే పనికిరాకుండా పోతుంది. దించిన వెంటనే మొదట చూడాల్సింది అదే.

మాజ్దా ఆర్‌ఎక్స్-7 రోటరీ ఇంజన్ని ఈ పోలికలోకి తేలేదు. పిస్టన్లూ వాల్వులూ లేని దానికి కొలతలూ నిర్ణయాలూ అన్నీ వేరే.

## దారి 1: పైపనితో సరిపెట్టడం

హెడ్ దించి, వాల్వు సీట్లు కట్ చేయించి, గైడ్లు, సీళ్లు మార్చి, ఫేసింగ్ చేయించి, కొత్త గాస్కెట్లతో బిగించడం. కింది భాగాన్ని కదపరు.

పరీక్షల్లో వాల్వుల వైపే వేలు చూపించి, ఆయిల్ ప్రెషర్ బాగుండి, బోరులో హోనింగ్ గీతలు ఇంకా కనిపిస్తుంటే ఇది తెలివైన దారి. వారాల్లో అయిపోతుంది. ఎంజీబీ లాంటి పాత ఇనుప హెడ్డయితే ఈ సందర్భంలోనే సీసం లేని పెట్రోలుని తట్టుకునే గట్టి ఎగ్జాస్ట్ సీట్లు వేయించేస్తే ఆ చింత తీరిపోతుంది.

పేచీ ఎక్కడంటే, చాలామంది "హెడ్ ఎలాగూ తీశాం, పిస్టన్లు బయటికి తీసి రింగులు కూడా మార్చేద్దాం" అంటారు. బోరు గుండ్రంగా, సమంగా ఉంటే మంచిదే. అరిగిన బోరులో పైన ఒక మెట్టు మిగిలి ఉంటుంది. పాత రింగు దాని కిందే అరుగుతూ వచ్చింది. కొత్త రింగు పదునైన అంచు ఆ మెట్టుకి కొట్టుకుని విరుగుతుంది. మెట్టు తీసేసినా, పైన వెడల్పు, కింద ఇరుకు ఉన్న బోరులో రింగు ప్రతి స్ట్రోకుకీ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. కొన్నాళ్లకి మళ్లీ అదే పొగ. బోరు కొలిచి, మాన్యువల్లో ఇచ్చిన హద్దు దాటిందని తేలితే రింగులతో సరిపెట్టే ఆలోచన వదిలేయండి.

## దారి 2: ఒరిజినల్ కొలతలకి పూర్తి రీబిల్డు

ఇంజను పూర్తిగా విప్పి, బ్లాకుని వేడినీళ్ల ట్యాంకులో కడిగించి, ఆయిల్ దారుల ప్లగ్గులన్నీ తీసి బ్రష్ చేసి, అన్నీ కొలిచి, అవసరమైనవన్నీ మార్చి, కంపెనీ ఇచ్చిన కొలతలకి తిరిగి తేవడం.

ఇందులో బలం పెరగదని అనుకుంటారు. పుస్తకంలోని హార్స్‌పవర్ కన్నా పెరగకపోవచ్చు. కానీ అరిగిపోయిన ఇంజను ఎప్పుడో ఆ అంకె కిందికి జారిపోయింది. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ సమానమై, క్యామ్ టైమింగ్ డిగ్రీ చక్రంతో సరిచూసి, కార్బురేటర్లు సమం చేశాక చాలామంది యజమానులకి అది కొత్త కారులా అనిపిస్తుంది. ఆ తర్వాత మార్పుల కోరిక సగం చల్లారిపోవడం కూడా మామూలే.

ఇంట్లో చేయగలిగే నాణ్యత ఇక్కడే కనబడుతుంది. షాపువాళ్లు గంటల లెక్కన పని చేస్తారు, మీ దగ్గర ఓపిక ఉంది. బేరింగు క్లియరెన్సు (ఆయిల్ కోసం వదిలే ఖాళీ) జర్నల్ (బేరింగులో తిరిగే క్రాంకు భాగం) అడ్డుకొలతలో ప్రతి 25 మిల్లీమీటర్లకీ సుమారు 0.025 మి.మీ. అన్నది స్థూల లెక్క. 50 మి.మీ. జర్నల్‌కి 0.05 మి.మీ., అంటే మనిషి వెంట్రుక మందం కన్నా తక్కువ. మాన్యువల్ అంకెదే చివరి మాట, ఈ లెక్క సరిచూసుకోవడానికి. ప్లాస్టిగేజ్ (నలిగి ఖాళీ ఎంతో చూపే సన్నటి ప్లాస్టిక్ తీగ) ముక్కతో ప్రతి బేరింగూ విడిగా చూడండి. ఒకటి చూసి మిగతావీ అంతేలే అనుకోవద్దు.

రింగు గ్యాపు (రింగు రెండు చివరల మధ్య సందు) కూడా అంతే. ప్రతి రింగునీ అది కూర్చోబోయే బోరులోనే పెట్టి, పిస్టన్‌తో నెట్టి నిటారుగా చేసి, ఫీలర్ గేజితో చూడాలి. టర్బో లేని ఇంజనులో పై రింగుకి బోరు వ్యాసాన్ని 0.004తో గుణిస్తే దగ్గరి అంకె వస్తుంది: 83 మి.మీ. బోరుకి దాదాపు 0.33 మి.మీ. గ్యాపు కాస్త ఎక్కువైతే కొంచెం బలం పోతుంది. తక్కువైతే వేడికి చివరలు కలిసిపోయి రింగు బిగుసుకుని పిస్టన్‌ని చీలుస్తుంది. రెండిట్లో ఏ తప్పు చవకో చెప్పక్కర్లేదు.

మెషీన్ షాపుకి వెళ్లే వరస కూడా ముఖ్యం. బోరు కొలిచి ఏ ఓవర్‌సైజు కావాలో తేల్చుకోండి. పిస్టన్లు తెప్పించండి. అవి చేతికొచ్చాకే, పిస్టన్లతో సహా బ్లాకు షాపుకి ఇవ్వండి. పెట్టెమీద రాసిన సైజుకి కాదు, లోపలున్న పిస్టన్ కొలతకి బోరు చేయాలి.

## దారి 3: టర్బో లేకుండా బలం పెంచడం

రొమాన్స్ అంతా ఇక్కడే ఉంటుంది. ఎత్తిన క్యామ్, పోర్టు చేసిన (గాలి దారులు సవరించిన) హెడ్, జంట కార్బురేటర్లు, ఎరుపు గీత దాకా అరిచే ఇంజను. డబ్బుకి తక్కువ బలం వచ్చే దారీ ఇదే. ఎందుకో అంకెలు చూస్తే తెలుస్తుంది.

కంప్రెషన్ పెంపు. 460 సీసీ సిలిండరు, 9:1 నిష్పత్తి అనుకుందాం. అంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే ఖాళీ 57.5 సీసీ. 10:1 కావాలంటే అది దాదాపు 51 సీసీకి తగ్గాలి. 83 మి.మీ. బోరు మీద హెడ్ ఫేసింగుతో ఆరు సీసీ పైచిలుకు తగ్గించాలంటే ఒక మిల్లీమీటరుకి పైనే తీయాలి. ఓవర్‌హెడ్ క్యామ్ (క్యామ్ హెడ్డులోనే ఉండే) ఇంజనులో హెడ్ కిందికి దిగితే గొలుసు లేదా బెల్టు వదులై క్యామ్ టైమింగ్ జరుగుతుంది, వాల్వులు పిస్టన్‌కి దగ్గరవుతాయి. ఇంతా చేస్తే సిద్ధాంతం ప్రకారం వచ్చే లాభం దాదాపు 3 శాతం. పైగా ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు కావాలి. కంప్రెషన్ పెంపు ఒంటరిగా చేయదగ్గ పని కాదు. పెద్ద క్యామ్ వల్ల తక్కువ ఆర్‌పీఎంలో పోయిన పట్టుని తిరిగి తెచ్చుకోవడానికి దానికి తోడుగా చేస్తారు.

క్యామ్. ఇన్‌లెట్ వాల్వు ఎక్కువసేపు తెరిచి ఉంచితే పై ఆర్‌పీఎంలో ఇంజను బాగా ఊపిరి పీలుస్తుంది. కిందిభాగంలో పీల్చిన గాలిలో కొంత వెనక్కి నెట్టేస్తుంది. 270 డిగ్రీల (వాల్వు తెరిచి ఉండే క్రాంకు కోణం) చుట్టుపక్కల క్యామ్‌తో రోడ్డు మీద కాపురం చేయొచ్చు. 300 దాటితే ఐడ్లింగు గంతులేస్తుంది, ట్రాఫిక్‌లో కాలు నొప్పి పుడుతుంది. కేటలాగులో నచ్చినదానికన్నా ఒక మెట్టు చిన్నది తీసుకోమన్నది క్యామ్ ఎంపికలో నా సలహా. ఏది వేసినా, ప్లాస్టిసిన్ ముద్దని పిస్టన్ మీద పెట్టి, హెడ్ బిగించి, రెండు తిప్పులు చేత్తో తిప్పి, ముద్ద మందం కొలవండి. ఇన్‌లెట్ వైపు 2, ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. ఖాళీ ఉంటే ధైర్యంగా ఉండొచ్చు.

ఆర్‌పీఎం. టార్కు (తిప్పే శక్తి) పెద్దగా పెంచలేనప్పుడు బలం రావాల్సింది వేగం నుంచే. 150 న్యూటన్ మీటర్ల టార్కు 6,000 దగ్గర 94 కిలోవాట్లు, అదే టార్కుని 7,000 దాకా పట్టి ఉంచితే 110. కానీ రాడ్ (పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కడ్డీ) బోల్టుల మీద పడే లాగుడు ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది: 6,000 నుంచి 7,000కి 36 శాతం ఎక్కువ. ఎంజీబీ 89 మి.మీ. స్ట్రోకుతో 6,000 దగ్గరే పిస్టన్ సగటు వేగం సెకనుకి 17.8 మీటర్లు. 240జెడ్ 73.7 మి.మీ. స్ట్రోకుతో 7,000 తిరిగినా 17.2 మాత్రమే. అందుకే ఆరు సిలిండర్ల డాట్సన్ పైకి తిరగడానికి సిద్ధంగా ఉంటుంది, ఎంజీబీని అలా హింసించడంలో అర్థం లేదు.

కాబట్టి ఏ ఇంజనుకి ఎక్కడ ఇరుకో చూసి అక్కడే పని చేయాలి. ఎంజీబీ హెడ్డులో నాలుగు సిలిండర్లకీ ఇన్‌లెట్ పోర్టులు రెండే, ఎగ్జాస్ట్ మూడు. హెడ్ పనికి అది బాగా స్పందిస్తుంది. 4ఏ-జీఈ హెడ్డు పుట్టుకతోనే బాగా ఊపిరి పీలుస్తుంది, పోర్టింగ్ పేరుతో దాన్ని గీకితే ఉన్నది చెడగొట్టే ప్రమాదమే ఎక్కువ. అక్కడ క్యామ్‌లు, కంప్రెషన్, విడివిడి థ్రాటిళ్లు పనిచేస్తాయి. డాట్సన్ వాళ్లకి ఇంకో దారి ఉంది, సైజు పెంచడం: 86 మి.మీ. బోరున్న ఎల్28 బ్లాకులో డీజిల్ ఎల్‌డీ28 క్రాంకు, 83 మి.మీ. స్ట్రోకుది వేస్తే దాదాపు 2.9 లీటర్లవుతుంది. తక్కువ ఆర్‌పీఎంలోనే టార్కు వస్తుంది కాబట్టి రోడ్డు కారుకి పెద్ద క్యామ్ కన్నా ఇదే నాకు నచ్చుతుంది.

## దారి 4: టర్బో లేదా సూపర్‌చార్జర్

బలం మాత్రమే లెక్కయితే దీన్ని మించింది లేదు. ఇంకో సంగతి చాలామంది నమ్మరు: రాడ్ బోల్టులకి పై ఆర్‌పీఎం ఎంత ప్రమాదమో, ఓ మోస్తరు బూస్టు (టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి) అంత కాదు. బోల్టుని తెంపేది లాగుడు, అది వేగంతో వచ్చేది. బూస్టు పెంచేది నొక్కుడు. టర్బో పాత ఇంజన్ని చంపేది వేడితో, నాకింగుతో (ఇంధనం అదుపు తప్పి పేలడం).

సముద్రమట్టం దగ్గర సగం బార్ బూస్టు అంటే లెక్కకి 50 శాతం ఎక్కువ గాలి. కానీ గాలిని కుదిస్తే వేడెక్కుతుంది. 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్లో 30 డిగ్రీల గాలి దాదాపు 80 డిగ్రీలు దాటుతుంది. వేడిగాలి పలచన కాబట్టి చేతికొచ్చేది 28 శాతం చుట్టుపక్కల. ఇంటర్‌కూలర్ పెట్టి 50 డిగ్రీలకి దించితే 40 శాతం. లాభం పెరగడం అలా ఉంచి, నాకింగు భయం తగ్గడమే ఇంటర్‌కూలర్ అసలు విలువ. దాన్ని "తర్వాత పెడదాం" అనుకునే పథకం నాకు నచ్చదు.

ఇంజను లోపల కూడా మారాల్సినవి ఉన్నాయి. కంప్రెషన్ తగ్గించాలి, లేదా బూస్టు చాలా తక్కువలో ఆపాలి. రింగు గ్యాపు 0.005 నుంచి 0.006 గుణకానికి పెరగాలి. ఫోర్జ్‌డ్ (లోహాన్ని నొక్కి మలిచిన) పిస్టన్లు వేస్తే వాటి తయారీదారు చెప్పిన బోరు క్లియరెన్సే ఇవ్వాలి. అది పోత పిస్టన్ కన్నా ఎక్కువ, చల్లగా ఉన్నప్పుడు కాస్త టకటక వినిపిస్తుంది. హెడ్ గాస్కెట్, స్టడ్లు, రేడియేటర్, క్లచ్ తప్పవు.

అన్నిటికన్నా పెద్దది ఇంధనం, ఇగ్నిషన్ నియంత్రణ. కార్బురేటర్ మీద బూస్టు చేసినవాళ్లున్నారు. కానీ ప్రోగ్రామ్ చేయగల ఈసీయూ (ఇంజన్ని నడిపే కంప్యూటరు), వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ (గాలి, ఇంధనం పాళ్లు చూపేది), డైనో (బలం కొలిచే యంత్రం) మీద ట్యూనింగ్ లేకుండా ఇంట్లో టర్బో పెట్టడం ఖరీదైన పిస్టన్లని కరిగించే మార్గం. ఫ్యూయెల్ ఇంజెక్షన్‌తో పుట్టిన ఎంఎక్స్-5కి ఈ దారి సహజం. మాజ్దానే 2004–05లో ఆ కారు తర్వాతి తరంలో టర్బో రకం అమ్మింది. 1960ల కార్బురేటర్ కారుకి ఇది ఇంజను పనితో పాటు మొత్తం వైరింగు పని కూడా.

## దారి 5: వేరే ఇంజను ఎక్కించడం

ఒకే కుటుంబపు ఇంజనయితే ఇది మంచి బేరం. 1.6 ఎంఎక్స్-5లో 1.8 ఇంజను పెద్ద కోతలు లేకుండా కూర్చుంటుంది. పాడైన పోర్షే బ్లాకుతో కుస్తీ పట్టడం కన్నా ఆరోగ్యంగా ఉన్న అదే ఇంజను వెతికి తెచ్చుకోవడం చాలాసార్లు నయం.

వేరే కంపెనీ ఇంజనయితే ఇంజను ధర చిన్న భాగం. మౌంటింగులు, గేర్‌బాక్స్ బెల్‌హౌసింగ్, సంప్ (అడుగున ఉండే ఆయిల్ తొట్టి) ఆకారం, డ్రైవ్‌షాఫ్ట్ పొడవు, ఎగ్జాస్ట్, వైరింగు, మీటర్లు, కాగితాలు. ఇంజను ఒక వారంలో కూర్చుంటుంది, మిగతా చిల్లర పనుల దగ్గర కారు ఏళ్ల తరబడి స్టాండ్ల మీద ఉండిపోతుంది. సగంలో ఆగిన ప్రాజెక్టు కార్లు ఎక్కువగా ఈ దారిలోనే కనిపిస్తాయి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | బలం | ఇంట్లో అయ్యే పని | మెషీన్ షాపు | ఇంజను బయటి ఖర్చు | వెనక్కి రావడం |
|---|---|---|---|---|---|
| పైపని | పోయింది తిరిగి వస్తుంది | చాలావరకు | హెడ్ వరకే | లేనట్టే | అక్కర్లేదు |
| ఒరిజినల్ రీబిల్డు | పుస్తకంలో ఉన్నంత | కొలత, బిగింపు అంతా | బోరు, క్రాంకు, హెడ్ | తక్కువ | అక్కర్లేదు |
| టర్బో లేని మార్పు | కొంచెం, అదీ పైభాగంలో | కొలత ఇంకా ఎక్కువ | ఎక్కువ | ఓ మోస్తరు | క్యామ్ మార్చొచ్చు, తీసిన లోహం రాదు |
| టర్బో | చాలా | పైపులు, బ్రాకెట్లు, వైరింగు | ఎక్కువ, పైగా డైనో | చాలా | కష్టపడితే |
| వేరే ఇంజను | ఇంజన్ని బట్టి | ఫ్యాబ్రికేషన్ | తక్కువ | అన్నిటికన్నా ఎక్కువ | కోతలు లేకపోతేనే |

## ఎవరికి ఏది

మొదటిసారి ఇంజను విప్పుతున్నవాళ్లు రెండో దారి దాటకండి. ఇది చేతకాదని అనడం కాదు. ఒరిజినల్ కొలతలకి మాన్యువల్లో ప్రతి అంకె ఉంటుంది, తేడా వస్తే ఎక్కడ వచ్చిందో పట్టుకోవచ్చు. మార్చిన ఇంజను సరిగ్గా నడవకపోతే తప్పు క్యామ్‌దా, కార్బురేటర్ జెట్లదా, బిగింపుదా అన్నది అనుభవం లేనివాళ్లు తేల్చుకోలేరు.

అరుదైన, ఇంజను, బాడీ నంబర్లు కలిసే కారున్నవాళ్లకి మధ్యేమార్గం ఉంది. ఒరిజినల్ బ్లాకుని శుభ్రం చేసి, ఆయిల్ పూసి, గుడ్డ చుట్టి దాచేయండి. మీ ప్రయోగాలన్నీ అదే రకం ఇంకో బ్లాకు మీద చేయండి. అమ్మాల్సిన రోజున రెండూ ఇవ్వొచ్చు.

ట్రాక్ కోసమే కారు ఉన్నవాళ్లకి మూడో దారి సరిపోతుంది. కానీ డబ్బు మొదట పోయాల్సింది ఆయిల్ వ్యవస్థలో, తర్వాతే క్యామ్‌లో. పొడవాటి మలుపుల్లో ఆయిల్ పక్కకి తోసుకుపోయి పంపు గాలి పీలిస్తే బేరింగు నిమిషంలో పోతుంది. 944లో రెండో రాడ్ బేరింగుకి ట్రాక్ మీద చెడ్డపేరు ఊరికే రాలేదు. అడ్డుపలకలున్న సంప్, ఆయిల్ కూలర్, మంచి రాడ్ బోల్టులు, క్రాంకుతో పాటు ఫ్లైవీలు, క్లచ్ కలిపి బ్యాలెన్సింగు. ఇవన్నీ అయ్యాక కూడా డబ్బు మిగిలితే క్యామ్.

రోజూ నడిపే కారుకి బలమే కావాలంటే, అది ఇంజెక్షన్ ఉన్న కారయితే, ఓ మోస్తరు బూస్టుతో టర్బో పై ఆర్‌పీఎం ఇంజను కన్నా సుఖంగా ఉంటుంది. ఐడ్లింగు మామూలుగా ఉంటుంది, కింది గేర్లతో కుస్తీ ఉండదు. బ్రేకులూ రేడియేటరూ ముందు చేయించుకోండి.

ఇప్పుడే తేల్చుకోలేకపోతున్నవాళ్లు ఒరిజినల్ రీబిల్డు చేస్తూనే తలుపు తెరిచి ఉంచుకోవచ్చు. ఇంజను మళ్లీ విప్పితేగానీ అందనివి ఇప్పుడే బాగుచేసుకోండి: రాడ్ బోల్టులు, బ్యాలెన్సింగు, ఆయిల్ పంపు, వాల్వు సీట్లు. పైనుంచి అందేవి, అంటే (ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజనయితే) క్యామ్, కార్బురేటర్లు, ఎగ్జాస్ట్, ప్రస్తుతానికి ఒరిజినలే ఉంచేయండి. బోరు కూడా అవసరమైన మొదటి ఓవర్‌సైజుకే ఆపండి, తర్వాతి రీబిల్డుకి లోహం మిగులుతుంది.

ఏ దారిలో కట్టినా మొదటి స్టార్టు పద్ధతి ముందే తెలుసుకోండి. పుష్‌రాడ్ (క్యామ్ బ్లాకులో ఉండే రకం) ఇంజనులో కొత్త ఫ్లాట్ టాపెట్ (వాల్వుని నెట్టే ముక్క అడుగు చదునుగా ఉండే) క్యామ్ వేస్తే, జింక్ ఎక్కువున్న ఆయిల్ పోసి, ప్లగ్గులు తీసి స్టార్టర్‌తో తిప్పి ముందు ఆయిల్ ప్రెషర్ తెప్పించాలి. స్టార్టవగానే ఐడ్లింగులో వదలకుండా 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య అటూ ఇటూ మారుస్తూ 20 నిమిషాలు నడపాలి, లేకపోతే కొత్త క్యామ్ లోబులు ఆ పూటే అరిగిపోతాయి. రింగులు సర్దుకోవాలంటే మొదటి కిలోమీటర్లలోనే ఓ మోస్తరు లోడు ఇచ్చి, కాలు తీసి, మళ్లీ ఇవ్వాలి. భయంతో నెమ్మదిగా నడిపితే బోరు గాజులా నున్నబడిపోయి రింగులు ఎప్పటికీ కూర్చోవు. ఆ మొదటి ఆయిల్, ఫిల్టరు త్వరగా మార్చేసి, ఫిల్టరు కోసి మడతల్లో లోహపు తునకలు ఉన్నాయేమో చూడండి. మొదట్లో సన్నటి బూడిదరంగు పొడి మామూలే. అయస్కాంతానికి అంటని మెరిసే పలుకులు కనబడితే అవి బేరింగువి, కారు బయటికి తీయకుండా సంప్ దించండి.